గాబ్రియేలు లైను

గాబ్రియేలుకు ఆటల పిచ్చి ఉందని చంద్రపూర్ బాబూపేటలో తెలియనివాళ్లు లేరు. అరవై దాటిన మనిషికి ఆటలేమిటని మొదట్లో నవ్వినవాళ్లు కూడా నవ్వీ నవ్వీ అలసిపోయి ఊరుకున్నారు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకడికి పేకాట, ఒకడికి రాజకీయం. ఈయనకు కంప్యూటరు. బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు హాలేజీ యంత్రం నడిపాడు. అంటే నేల కింద బొగ్గు నింపిన టబ్బులను ఉక్కుతాడుతో పట్టాల మీద పైకి లాగే యంత్రం. ఒకసారి కాలు విరిగి నెలల తరబడి మంచాన పడితే, కూతురు హెలెన్ తన కాలేజీ కంప్యూటరును మంచం పక్కకు జరిపి ఏదో ఒక ఆట చూపించింది. కాలు అతుక్కుంది గానీ మనిషి మాత్రం ఆ కంప్యూటరును వదల్లేదు.

దీపావళికి సగం ధరకు వచ్చేవి, పండగ పూట ఊరికే ఇచ్చేవి, నాగపూర్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత సీడీలు, ఇలా చేర్చి చేర్చి ఆరువందల పైచిలుకు ఆటలు పోగేశాడు. వాటిలో సగం ఒక్కసారి కూడా తెరవలేదు. తెరవని ఆటెందుకయ్యా అని భార్య కస్తూరి అడిగితే, బీరువాలో కట్టని చీరలెందుకని తిరిగి అడిగేవాడు. ఆ పూటకు ఇద్దరి మధ్యా మాటలు బంద్.

అన్ని ఆటలూ ఒక ఎత్తు, రైలు ఆట ఒక ఎత్తు. అందులో ఖాళీ నేల మీద మన ఇష్టం వచ్చినట్టు పట్టాలు వేసుకోవచ్చు, స్టేషన్లు కట్టుకోవచ్చు, వాటికి పేర్లు పెట్టుకోవచ్చు. గాబ్రియేలు పదకొండేళ్లుగా ఒకే లైను కడుతున్నాడు. ఇంట్లో ఎవరి పేరు మీద వాళ్లకు ఒక స్టేషను. అన్నకు, వదినకు, ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడికి, తమ్ముడి పిల్లలకు, కొఠారిలో ఉన్న బావమరుదులకు, అందరికీ. కొత్తగా పిల్లో పిల్లాడో పుడితే, బాప్తిస్మం ఆదివారం నాడు చర్చి నుంచి వచ్చి, భోజనాలకు ముందు కంప్యూటరును టీవీకి తగిలించి, చుట్టాలందరి ఎదుట ఆ బిడ్డ స్టేషను తెరవాలి. మొదటి రైలు కదిలేటప్పుడు గాబ్రియేలు స్టీలు ప్లేటు మీద గరిటెతో గంట కొట్టాలి, బావిలో టబ్బులు కదలమని కొట్టినట్టు. ఇప్పుడు అది ఎంతగా ఆనవాయితీ అయిందంటే, బాప్తిస్మానికి చర్చి అయ్యగారు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా క్షమిస్తారు గానీ స్టేషను తెరవకపోతే ఆ ఇంట్లో బగారా అన్నం ముట్టేవాళ్లు లేరు.

ఈ లైను మీద కస్తూరికి ఒక్కటే ఫిర్యాదు. గాబ్రియేలు కట్టిన మొట్టమొదటి స్టేషను ఆమెదే. అప్పటికి ఆయనకు పని రాదు కాబట్టి అది వంకర పట్టాల మీద, ఒక మూల, బొగ్గుగని పక్కన పడింది. తర్వాత పని వచ్చి, మెయిన్ లైను వేసి, ఊరందరినీ దాని మీద కూర్చోబెట్టాడు గానీ, మొదటిది కదా అని దాన్ని మాత్రం కదపలేదు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలకు ఎక్స్‌ప్రెస్‌లు ఆగుతుంటే, కట్టుకున్న పెళ్లాం బొగ్గు కుప్ప పక్కన ప్యాసింజరు కోసం చూడాలా అని ఆమె అడిగేది. అప్పుడు గాబ్రియేలు తెర వైపు తిరిగి పట్టాలు వేసుకునేవాడు. మరి నీ స్టేషనేదయ్యా అని అడిగితే మాత్రం టక్కున చెప్పేవాడు.

"బండి నడిపేటోనికి స్టేషనెందుకే?"

సరే, ఇప్పుడు విషయానికి వద్దాం. హెలెన్‌కు పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. తబిత అని పేరు అనుకున్నారు. నవంబరు చివరి ఆదివారం బాప్తిస్మం. సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. దాని పాత విండోసుకు ఇక కొత్త మరమ్మతులు రావట, కొత్త విండోసేమో ఇంత ముసలి యంత్రంలో దిగనంటుందట. తెర మీద రోజుకొక హెచ్చరిక. ఆదివారం నాడు జనమంతా వచ్చి కూర్చున్నాక ఇది బిగుసుకుపోతే గాబ్రియేలు పరువు మాట అటుంచి, తబిత స్టేషను సంగతేమిటి?

అల్లుడు సుకుమార్ భద్రావతి ఆయుధ కర్మాగారంలో పనిచేస్తాడు. కంప్యూటర్లంటే ఇష్టం. లినక్స్ అని వేరే ఆపరేటింగ్ సిస్టం ఉందనీ, ముసలి యంత్రం మీద కూడా హాయిగా నడుస్తుందనీ, రైలు ఆట అయితే దానిలో ఇంకా బాగా నడుస్తుందనీ చెప్పాడు. మరి నా ఆరువందల ఆటలో అని మామ అడిగాడు. చాలావరకు నడుస్తాయి, నడవనివాటిని నడిపించే ఉపాయం ఉందన్నాడు అల్లుడు. పోయే ముందు ఒక మాట గట్టిగా చెప్పాడు.

"మామా, టెన్షన్ నకో. నువ్వు దేన్నీ ముట్టకు. శనివారం నేనొచ్చి అన్నీ చూస్కుంట."

ముట్టకు అంటే ఊరుకునే మనిషా? కొత్త హార్డ్ డిస్కు ఒకటి కొని, ఆ వారమంతా ఆటలను ఒక్కొక్కటిగా దానిలోకి చేర్చాడు. ఇల్లు మారుతున్నట్టే ఉంది వ్యవహారం. క్రికెట్టు ఆటలు ఒకచోట, బస్సులు తోలే ఆటలు ఒకచోట, తుపాకుల ఆటలు పిల్లలకు అందకుండా లోపలి అరలో. రైలు ఆటను మాత్రం ఒకటికి రెండుసార్లు ఎక్కించాడు. ఒకటి పోయినా ఒకటి ఉంటుందని.

ఇక్కడ ఆ కాలరీ జనాల, అంటే బొగ్గుగని కాలనీల వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఒక పద్ధతుంది. సామాను తీసుకుపోతే సరిపోదు. గోడకు మేకు ఉండకూడదు, అటక మీద అట్టముక్క ఉండకూడదు. కడిగి, ఊడ్చి, అద్దంలా చేసి తాళంచెవి అప్పగించాలి. లేకపోతే ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఎర్ర గీత గీస్తాడు. గాబ్రియేలు సర్వీసులో ఐదు క్వార్టర్లు మారాడు, ఒక్క ఎర్ర గీత పడలేదు. అది ఆయనకు మెడల్ కన్నా ఎక్కువ. కస్తూరికి వేరే పద్ధతి. సామానంతా లారీ ఎక్కినా ఒక గుడ్డసంచి మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. బైబిలు, హెలెన్ సర్టిఫికెట్లు, ఇంత ఉప్పు పొట్లం, ఇంకా ఏవేవో దాంట్లో పెట్టుకుని, ఆ సంచిని ఒళ్లో పెట్టుకునే కొత్త ఇంటికి వెళ్లేది. లారీని నమ్మొచ్చు గానీ లారీకి సామాను ఎక్కించిన మగవాళ్లను నమ్మకూడదని ఆమె సిద్ధాంతం.

శనివారం పొద్దున అల్లుడు రాకముందే గాబ్రియేలు పాత ఇల్లు ఊడ్చాడు. అంటే కంప్యూటరులో ఇక మిగిలినవన్నీ తుడిచేశాడు. ఫొటోలు, పాటలు ముందే డిస్కులో చేరాయి. డాక్యుమెంట్ల గదిలో ఏవో అర్థం కాని పేర్లతో చిన్న చిన్న డబ్బాల్లాంటివి ఉన్నాయి. ఒక్కొక్కటి ఫొటో అంత బరువు కూడా లేదు. అటక మీది అట్టముక్కలే అనుకుని అన్నిటినీ చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా బోర్లించాడు. సుకుమార్ వచ్చి చూసి, అంతా ఖాళీగా ఉందేమిటి మామా అంటే, అన్నీ డిస్కులో భద్రంగా ఉన్నాయి, క్వార్టరు కడిగి పెట్టాను, తాళంచెవి తీసుకో అన్నాడు గర్వంగా. మామ మాట మీద నమ్మకంతో అల్లుడు పాత వ్యవస్థను చెరిపి కొత్తది ఎక్కించాడు.

మధ్యాహ్నానికి కొత్త తెర వచ్చింది. అబ్బ, ఏం సంబరం! భోజనం కూడా చెయ్యకుండా మామా అల్లుళ్లిద్దరూ ఒక్కొక్క ఆటా తెరిచి చూశారు. బస్సు ఆట మొదటి దెబ్బకే నడిచింది. క్రికెట్టు ఆటలో బౌలరు వెనక్కి పరిగెత్తుతూ బంతి వేశాడు, సుకుమార్ ఏదో సర్దితే దారికొచ్చాడు. పదేళ్లుగా తెరవని చేపల ఆట కూడా నడిచేసరికి, గాబ్రియేలు ఆ చేపలను చూసి, మీరు ఇంకా బతికే ఉన్నారా అని పలకరించాడు. తబితను ఒళ్లో వేసుకుని చూస్తున్న హెలెన్ పడీ పడీ నవ్వింది. కస్తూరి వంటింట్లోంచి, తాతకు మనవరాలి కన్నా చేపలు ముద్దొస్తున్నాయని ఒక మాట విసిరింది.

చివరికి రైలు ఆట తెరిచారు. అది నడిచింది. బ్రహ్మాండంగా నడిచింది. కానీ తెర మీద ఉన్నది పచ్చటి ఖాళీ నేల. ఒక్క పట్టా లేదు. ఒక్క స్టేషను లేదు.

గాబ్రియేలు రెండో కాపీ తెరవమన్నాడు. అదీ అంతే. నా లైను ఏది అని అడిగాడు. ఆట వేరు, ఆడుకుని దాచుకున్నది వేరు అని సుకుమార్ మెల్లగా చెప్పాడు. దాచుకున్నవి ఆట దగ్గర ఉండవు, డాక్యుమెంట్లలో చిన్న చిన్న ఫైళ్లుగా ఉంటాయి. వాటిని తియ్యడానికే కదా తను శనివారం వస్తానన్నది. ఆరువందల ఆటలదేముంది, అన్నీ పోయినా సగానికి పైగా నెట్‌లో మళ్లీ దించుకోవచ్చు. ఆ చిన్న ఫైలు మాత్రం లోకంలో ఇంకెక్కడా ఉండదు.

గాబ్రియేలుకు అప్పుడు వెలిగింది, తాను ఊడ్చిపారేసింది ఏమిటో. కుండలన్నీ కొత్త ఇంటికి తెచ్చి, పిల్లను పాత ఇంట్లో వదిలేసి వచ్చాడు. పైగా వదల్లేదు, చీపురుతో బయటికి ఊడ్చాడు.

సుకుమార్ ఊరుకోలేదు. పోయినవాటిని వెతికే సాధనాలు ఏవో తెచ్చి గంటల తరబడి ప్రయత్నించాడు. కొత్త వ్యవస్థ ఆ జాగాలోనే కూర్చుంది కాబట్టి ఏమీ దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తిట్టుకోవడానికి గాబ్రియేలుకు ఇంకెవరున్నారు, తను తప్ప. ఖాళీ నేల మీద ఒక పట్టా వేశాడు. రెండోది వేశాడు. అన్న స్టేషను నదికి ఇటా అటా అన్నది గుర్తు రాలేదు. అక్కడ ఆగిపోయాడు. అన్న పోయి నాలుగేళ్లయింది. ఆ స్టేషనులో రైలు ఆగినప్పుడల్లా గాబ్రియేలు లోలోపల ఒక దండం పెట్టుకునేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అంతలో ఉప్పర్వాహి తమ్ముడు ఫోను చేశాడు. రేపు పొద్దున ఇంటిల్లిపాదీ వస్తున్నామనీ, మా చిన్నోడు తన స్టేషనుకు కొత్త రంగు వెయ్యమంటున్నాడనీ, కాస్త చూడమనీ అన్నాడు. గాబ్రియేలు సరే అన్నాడు. ఫోను పెట్టేశాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. టీ వచ్చింది, చల్లారింది. రేపు అందరికీ ఏం చెప్పాలో అల్లుడితో ఆలోచించడం మొదలుపెట్టాడు. తబితకు స్టేషను ఉండదు. ఆ ఇంట్లో పుట్టి స్టేషను లేని మొదటి బిడ్డ తన సొంత మనవరాలే అవుతుంది.

కస్తూరి వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింది. ఒకసారి లోపలికి వెళ్లింది, ఒకసారి బయటికి వచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లింది. ఆమె కాలరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఇంజెక్షను ఇవ్వడానికి ఏనాడూ వెనకాడలేదు గానీ, ఇప్పుడు మాత్రం ఎందుకో తటపటాయించింది. చివరికి గుడ్డసంచి తెచ్చి మొగుడి పక్కన కూర్చుంది. ఆ సంచే. దానిలో బైబిలు తీసి పక్కన పెట్టి, దాని కింది నుంచి తన పాత ట్యాబ్లెటు తీసింది. పాటల కోసమని హెలెన్ కొనిచ్చిన ట్యాబ్లెటు అది.

"నవ్వొద్దు," అంది. "నవ్వితే మల్ల లోపట వెడ్త."

తెర వెలిగింది. రైలు ఆట. దాని మీద పట్టాలు, నది, వంతెన, నది అవతల అన్న స్టేషను, అందులోకి వస్తున్న రైలు.

సుకుమార్ లేచి నిలబడ్డాడు. హెలెన్, మమ్మీ నువ్వు ఆడుతున్నావా అని అరవబోయి, నిద్రపోతున్న బిడ్డ గుర్తొచ్చి నోరు మూసుకుంది. పదేళ్లుగా పిల్లచేష్టలు, పనిలేని పని అని ఆ ఆటను తిట్టని రోజు లేదు కస్తూరి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు పెద్దలు.

సంగతి ఆమె నోటనే బయటికొచ్చింది. మూడేళ్ల కింద గాబ్రియేలు మధ్యాహ్నం టీ తాగడానికి చౌరస్తాకు వెళ్లినప్పుడు, ఆసుపత్రిలో రిజిస్టర్లు కంప్యూటరులోకి ఎక్కించిన చేత్తోనే, రైలు ఆటను తన ట్యాబ్లెటులో కూడా దించుకుని, ఆ లైను ఫైలును కేబులు పెట్టి దానిలోకి లాక్కుంది. ఎందుకంటే తన స్టేషనును బొగ్గు కుప్ప పక్క నుంచి కదపమంటే ఆయన కదపడం లేదు. సరే, నేనే కదుపుకుంటానని మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. ఆయన ఇక్కడ ఎవరికి స్టేషను కట్టినా, మర్నాడు మధ్యాహ్నం ఆమె అక్కడ తనకు నచ్చిన చోట కట్టేది. అందువల్ల ఒక్క మనిషీ తప్పిపోలేదు. కాకపోతే లైను కాస్త మారింది.

కాస్త కాదు. గాబ్రియేలు ట్యాబ్లెటును దగ్గరికి తీసుకుని చూశాడు. కస్తూరి స్టేషను ఇప్పుడు పెద్ద జంక్షను. ఆరు ప్లాట్‌ఫారాలు, చుట్టూ చెట్లు. ఆమె పుట్టింటి కొఠారి వాళ్ల స్టేషన్లన్నీ ఎక్స్‌ప్రెస్ లైను మీదికి వచ్చాయి. గాబ్రియేలు తమ్ముడిని ప్యాసింజరు లైను మీదికి నెట్టేసింది. ఇదేం న్యాయమే అని అడగబోయాడు. అప్పుడు జంక్షను పక్కనే ఇంకో స్టేషను కనిపించింది. చిన్నది. ఒకటే ప్లాట్‌ఫారం. కానీ అటు పోయే బండి, ఇటు పోయే బండి, గూడ్సు తప్ప ప్రతి బండీ అక్కడ ఆగుతోంది. పేరు చదివాడు. గాబ్రియేలు అని ఉంది.

"బండి నడిపేటోనికి స్టేషనెందుకంటివి," అంది కస్తూరి, తెర వైపే చూస్తూ. "అందర్ని వాళ్ల వాళ్ల తాన దించినంక నువ్వు యాడ దిగుతవయ్యా? గందుకే కట్టిన."

ముప్పై ఏళ్లు బావిలో టబ్బులు లాగిన మనిషి. ఒక్కసారి ముక్కు చీదుకుని, అల్లుడి ముందు కళ్లు తుడుచుకోవడం ఇష్టం లేక, ఆ కేబులు ఎక్కడుందో వెతకండ్రా అని కసిరాడు. కేబులు ఆయన చేతిలోనే ఉంది.

ఫైలు కంప్యూటరులోకి చేరింది. కొత్త వ్యవస్థలో లైను మొత్తం దివ్యంగా తెరుచుకుంది. ఇక ఆ సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన వాదన బాబూపేట సగం వరకు వినిపించి ఉంటుంది. తమ్ముడిని తిరిగి మెయిన్ లైను మీద పెట్టాలని గాబ్రియేలు, పదకొండేళ్లు వాళ్లు అనుభవించారు కాబట్టి ఇప్పుడు కొఠారి వంతని కస్తూరి. రాజీ ఏమిటంటే తమ్ముడికి కూడా ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది, కానీ కొఠారి తర్వాతే. తబిత స్టేషను ఎక్కడ అన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఒకేసారి ఒకే చోట వేలు పెట్టారు. గాబ్రియేలు తర్వాతి స్టేషను.

ఆదివారం చర్చి అయ్యాక ఇల్లు నిండిపోయింది. కూర్చోవడానికి జాగా లేక పిల్లలు మంచాల మీదికి, కిటికీల మీదికి ఎక్కారు. టీవీలో లైను వెలిగింది. ఉప్పర్వాహి తమ్ముడు తన స్టేషను కోసం వెతికి, ఇదేంటన్నా నన్ను ఇక్కడికెందుకు జరిపినవని అడిగాడు. మీ వదిననడుగు అని గాబ్రియేలు చేతులు దులిపేసుకున్నాడు. వదిన సమాధానంగా అతని ప్లేటులో ఇంకో చికెన్ ముక్క వేస్తానని మాటిచ్చింది. దాంతో అతను ఊరుకున్నాడు. అయ్యగారు కూడా తన స్టేషను లేదని చిన్నబుచ్చుకున్నారు గానీ, అది వేరే కథ.

ఎప్పుడూ కంప్యూటరు ముందు గాబ్రియేలు కూర్చునేవాడు. ఈసారి ఆ కుర్చీలో కస్తూరిని కూర్చోబెట్టాడు. తను గరిటె, స్టీలు ప్లేటు పట్టుకుని వెనక నిలబడ్డాడు. కస్తూరి చీర కుచ్చిళ్లు సర్దుకుని, ఆపరేషన్ థియేటరులోకి వెళ్తున్నంత గంభీరంగా మౌసు పట్టుకుంది. గంట మోగింది. తబితకు వెళ్లే మొదటి రైలు జంక్షను నుంచి కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. రైలు కాస్త దూరం పోయి, పక్కనున్న చిన్న స్టేషనులో ఆగింది.

పిల్లలకు ఓపిక ఎక్కడిది? ఆగిందేంటి, పోనియ్యి పెద్దమ్మా అని గోల చేశారు. తమ్ముడు కూడా బగారా చల్లారిపోతుందని గుర్తు చేశాడు. కస్తూరి వెనక్కి తిరిగి మొగుడి వైపు చూసింది.

"ఆగనియ్యుండ్రి," అన్నాడు గాబ్రియేలు. "నేను ఎక్కుతున్న."

రైలు నిండేదాకా అందరూ ఆగారు. తర్వాత ఆయన రెండోసారి గంట కొట్టాడు. ఈసారి ప్లేటు ఎంత గట్టిగా మోగిందంటే తబిత ఉలిక్కిపడి లేచి కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యనే రైలు ఆమె స్టేషనుకు చేరింది.